మూడో ప్రకటన

హన్నా అక్కకు,

సోమవారం ఉదయం పదింటికి నన్ను ఉద్యోగం నుంచి సస్పెండ్ చేశారు. తోటి ఉద్యోగితో సంబంధాన్ని ఆఫీసుకు చెప్పకుండా దాచానట. ఆ ఉద్యోగి క్రిస్టోఫరే, నీకు కాబోయే మరిది.

ముందురోజే మన డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీ చర్చిలో, వరసగా మూడు ఆదివారాలు చదవాల్సిన మా పెళ్లి ప్రకటన రెండోసారి చదివారు. ఆ కబురు ఆఫీసుకు చేరింది. మేనేజరు లెక్కలో ఆ ప్రకటనతో క్రిస్టోఫర్ ఆఫీసుకు విషయం తెలియజేసినట్టు, నేను పట్టుబడినట్టు. అతనికి మిఠాయి డబ్బా ఇచ్చారు, నాకు నోటీసు ఇచ్చారు.

"ఇద్దరికీ ప్రకటన ఒక్కటే కదా సార్?" అని అడిగాను.

"పెళ్లయ్యాక ఎలాగూ మానేసేది నువ్వే కదా బేటీ," అన్నాడాయన.

నా మీద వేసిన విచారణ కమిటీలో మా విభాగం మనిషి ఒకరు ఉండాలట. క్రిస్టోఫర్‌ను వేశారు. అతను ఒప్పుకున్నాడు.

"టెన్షన్ మత్ లే యార్, కమిటీలో నేనున్నా కదా! నువ్వు తప్పు ఒప్పేసుకో, బస్, అంతే," అన్నాడు.

అక్కా, పెళ్లికి రైలు టికెట్టు ఇప్పుడే తీసుకోకు. విచారణ వచ్చే సోమవారం. దానికి ముందురోజు చర్చిలో మూడో ప్రకటన. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమని పాస్టరుగారు అడుగుతారు. అప్పుడు నేను లేచి నిలబడతాను.

నీ చెల్లి