ఐదు సెకన్లు

డెగ్గెన్‌డార్ఫ్ (జర్మనీ), ఆదివారం

పొద్దున ఫోన్ పక్కన పెట్టి షూ లేసు కడుతుంటే కొస తెగి చేతిలోకి వచ్చింది. ముడి వేసుకుని బాస్కెట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్లాను.

చివర్లో ఒక్క పాయింటు వెనకబడ్డాం. నాకు ఒక ఫ్రీ త్రో వచ్చింది. పడితే సమం. రిఫరీ బంతి చేతికిచ్చాక ఐదు సెకన్లలో వెయ్యాలి. ఆ రూల్‌ని ఎవరూ పట్టించుకోరు.

వేసే ముందు మనసులో మరియమ్మకి ఒక మంగళవార్త జపం చెప్పుకోవడం స్కూల్లో మా కోచ్ సిస్టర్ ఫిలోమినా నేర్పిన అలవాటు. ఎప్పుడూ గబగబా ముగించేస్తాను. ఇవాళ ఒక్కో మాటా విడివిడిగా చెప్పుకున్నాను. మరణ ఘడియ మాట వచ్చే చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను.

విజిల్ మోగింది. రిఫరీ ఐదు వేళ్లు చూపించి బంతి అవతలి జట్టుకిచ్చాడు. ఓడిపోయాం.

గెలిచి ఉంటే మా జట్టులోని స్వప్నక్క వచ్చే వారం ఫైనల్ ఆడి, ఆ తర్వాత ఉద్యోగానికి బ్యోబ్లింగెన్ వెళ్లేది. ఇప్పుడు మాతో ఆమెకి ఇదే చివరి మ్యాచ్.

"బంతితోని ముచ్చట పెట్టినవా ఏందే? ఏస్తే పడకపోయినా బాధ లేకుండె" అంది. నవ్వబోయి ఏడ్చేసింది.

"సారీ అక్కా" అన్నాను.

రిఫరీ వెళ్తూ నా దగ్గర ఆగాడు. ఇన్నేళ్లలో ఈ విజిల్ వెయ్యడం రెండోసారట. ఎనిమిది దాకా లెక్కపెట్టి చూశాడట. ఆయన మీద కోపం కూడా రాలేదు.

"అసలేమైందే నీకు?" అని బస్సులో అక్క మళ్లీ అడిగింది.

సిస్టర్ ఫిలోమినా నిన్న పోయారు. పొద్దున మెసేజ్ వచ్చింది.