ఆరు సిగార్లు, ఆరు నెలలు

మే 2
రాజనర్సయ్య సార్ నెలాఖరున రిటైరవుతున్నారు. పంజాగుట్ట ఆఫీసులో పద్నాలుగేళ్లుగా నా పక్క సీటు. ఈరోజు ఆరు సిగార్లు నా చేతిలో పెట్టారు.
"ఇంట్ల పెడితే మా ఇంటామె రుద్రమ్మ పారేస్తది. నీ దగ్గర జర పైలంగ ఉంచు ఫణీ. రిటైరైనంక నెలకొక్కటి, ఇద్దరం కలిసి కాలుద్దాం. గట్లనన్న ఆర్నెల్లు వస్తవు."
నవ్వుతూనే అన్నారు. కానీ రిటైరైనవాళ్లకి మా ఆఫీసులో ఎవరూ ఫోన్ కూడా చెయ్యరు. ఆయనకీ తెలుసు.
శపథం: ఒక్కటీ ఎండనివ్వను. ఒక్కటీ ముట్టను!

మే 3
సిగార్‌కి అరవై ఐదు నుంచి డెబ్బై శాతం తేమ ఉండాలట.
దేవదారు పెట్టె: ధర చూసి ఫోన్ పక్కన పడేశాను.
స్టీలు డబ్బా: మూత వదులు.
ఆవకాయ జాడీ: "మా అమ్మ జాడీ జోలికొస్తే ఊరుకోను" అంది మా ఆవిడ మంజూష.
ఫ్రిజ్: ఇంగువ వాసన.
చివరికి అమీర్‌పేటలో రబ్బరు అంచున్న ప్లాస్టిక్ డబ్బా. ఆన్‌లైన్లో తేమ పొట్లం, బుల్లి మీటరు. చవకలో తేల్చేశాను! బుర్రంటే ఇదీ.

మే 6
ఉ. 6.10: 67 శాతం.
6.25: 67!
8.00: 68!!
మ. 1.15: ఆఫీసు నుంచి ఇంటికి ఫోన్. వేసవికని కాకినాడ నుంచి వచ్చిన అత్తయ్యగారు చదివి చెప్పారు. 68.
"ఎవలకన్న జరమొచ్చిందా?" అన్నారు సార్. మీ సిగార్లకే అన్నాను. మురిసిపోయారు.

మే 11
అంకె వేరు, రుచి వేరు. పరీక్ష కోసం ఒక్కటి కాల్చాను, డాబా మీద. అద్భుతం! మిగిలినవి ఐదు. ఐదు నెలలు మాత్రం తక్కువా?

మే 14
ఒక్క పరీక్షతో ఏం తేలుతుంది? మిగిలినవి నాలుగు.

మే 17
ఆడిట్. తిట్లు. మనసేం బాలేదు. ఎన్ని మిగిలాయో రాయను.

మే 18
మూడు.

మే 19
నా మీద నాకే అసహ్యం వేసింది. డబ్బా అత్తయ్యగారికి అప్పగించాను. నెలాఖరుదాకా నేనడిగినా ఇవ్వకండి, జాగ్రత్తగా చూసుకోండి అన్నాను.
"నాకొదిలెయ్యండి బాబూ."
గుండె తేలికైంది.

మే 30
డబ్బా తిరిగొచ్చింది. తళతళా కడిగి ఉంది. సిగార్లు పట్టుకుంటే గలగల.
"ఎంత చెమ్మ పట్టేశాయో బాబూ! బూజు పట్టదూ? డాబా మీద గుమ్మడి వడియాల పక్కనే పదిరోజులు ఎండబెట్టాను. పల్చటి గుడ్డ కూడా కప్పాను."
ఆవిడ మొహంలో ఎంత సంతోషమో. మంచి పని చేశారండీ అన్నాను. ఇంకేమనను?

మే 31
శాలువా, ఉపన్యాసాలు అయ్యాయి. ఆఫీసు మెట్ల దగ్గర సార్ ఒక సిగార్ అందుకున్నారు. చేతిలోనే పొడైపోయింది. రెండోదీ అంతే. ఇక మొత్తం చెప్పేశాను, నా పరీక్షలతో సహా.
సార్ శాలువా మీది పొగాకు దులుపుకున్నారు. 
"అయితే ఇగ రావా?" అన్నారు.
నాకు ఏడుపొచ్చింది.

జూన్ 1, ఆదివారం
ఆరు కొత్త సిగార్లు, మామూలు రకం. డబ్బా ఎర్రగడ్డలో సార్ ఇంట్లోనే పెట్టాను. నెలకొక్కటే, అదీ నేనొచ్చినప్పుడే అని రుద్రమ్మగారిని బతిమాలి ఒప్పించాను.
శపథం మళ్లీ మొదలు: ఒక్కటీ ఎండనివ్వను! తేమ చూడ్డానికి వారం వారం వస్తానన్నాను.
సార్ మీటరు వైపు చూశారు. మూత గట్టిగా నొక్కారు.
"వారందాక ఆగితే ఎండిపోతయి ఫణీ. రెండు దినాలకొకసారి వచ్చి చూడాలె."