ఫోన్ చేస్తే వస్తాం

ఆగస్టు 4
అన్న పోయి ఐదు నెలలు. ఇంటర్ ఆఖరి పరీక్ష రాసి, స్నేహితులతో మామిడితోపులో తాగి, పట్టపగలు బైపాస్ మీద బండితో పడ్డాడు. పదిహేడేళ్లు. వెనక కూర్చున్న మా క్లాసు గిరి బతికాడు.
ఇవాళ కాలేజీలో గిరి నా బెంచీ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఐదు నెలల్లో మొదటిసారి. తల ఎత్తలేదు నేను.

ఆగస్టు 6
మేడమ్ ర్యాలీ అంటోంది. తాగి బండి నడపరాదని బ్యానరు, టోపీలు, ఫొటో. అందరి చూపూ నా మీదే.
గిరి లేచాడు. "బ్యానరు సూసి ఎవుడు మానుకుంటాడు మేడమ్? ఆ పొద్దు వాడు నడపలేడని నాకు తెలుసు. వద్దురా అన్లేదు. ఇంటికి ఫోన్ చేస్తే కొడతారని ఇద్దరికీ బయం. ఇంకెవురికి చేసేది?"
అప్పుడు తల ఎత్తాను.

ఆగస్టు 9
మేం ఆరుగురం. క్లాసుల్లో పంచడానికి చీటీలు రాస్తున్నాం — తాగి ఉంటే బండి తీయొద్దు. ఫోన్ చేస్తే వస్తాం. తిట్టం. ఎవరికీ చెప్పం.
సరే, ఎలా వెళ్లేది? మాలో ఒక్కరికీ లైసెన్సు లేదు. గిరి అయితే బండి ఎక్కనే ఎక్కడు.
అన్నం తింటూ నాయనకు చెప్పాను. అమ్మ గరిటె పడేసి లోపలికి వెళ్లిపోయింది. నాయన చెయ్యి కడుక్కున్నాడు.
"నా నంబరు రాయి పాపా. ఆటో ఉండాది కదా."
అంతే. అన్న మాట ఎత్తలేదు.

ఆగస్టు 17
ఒక్క ఫోనూ లేదు. చీటీలతో రాకెట్లు చేసి విసురుకుంటున్నారు.

ఆగస్టు 23
మధ్యాహ్నం మూడు. నాయన ఫోన్ మోగింది. ఫస్టియర్ లోకేశ్.
"మామా... తాగుండా. బండి ఇంకా తియ్యలేదు. వస్తారా?"
"యాడుండావురా అబ్బయ్యా? ఆడనే కూర్సో. కదలాకు."
గిరినీ ఎక్కించుకుని వెళ్లాం. అదే బైపాస్. అన్న పడిన చోటు వచ్చింది. నాయన ఆపలేదు, చూడలేదు.
లోకేశ్ దారిలో ఆటోలోనే కక్కాడు. "మా నాయనకు చెప్పొద్దు మామా, సంపేస్తాడు." "చెప్పన్లే," అన్నాడు నాయన. వాడి బండిని గిరి ఎక్కకుండా, ఎండలో రెండు మైళ్లు తోసుకుంటూ వచ్చాడు.
ఇంటికొచ్చి నాయన ఆటో కడుగుతున్నాడు. అమ్మ గడపలో నిలబడి చూసింది... చూసింది. తర్వాత ఇంకో బిందె నీళ్లు తెచ్చి పక్కన పెట్టింది.

సెప్టెంబరు 2
ఇంకో ఇద్దరు చేశారు. ఒకరు అమ్మాయి — వాళ్ల అన్న కోసం.

సెప్టెంబరు 6
మళ్లీ లోకేశ్.

సెప్టెంబరు 13
మూడోసారి. పొద్దున పదింటికే. నవ్వుతున్నాడు.
"తాగితే ఏమక్కా, మీరుండారు కదా."
నాయన చెంప పగలగొడతాడేమో అనుకున్నాను. రెక్క పట్టి ఎక్కించాడు, అంతే.
సాయంత్రం ఇంట్లో గొడవ. నాయన: "వాళ్ల నాయనకు చెప్పాల. వాడు మనల్ని నమ్ముకోని తాగతాండాడు." గిరి: "చెప్తే రేపటి నుంచి ఎవురూ చెయ్యరు మామా. మాటిచ్చినాం." ఇద్దరూ నా వైపు తిరిగారు.


సెప్టెంబరు 14
ఎవరికీ చెప్పనిది. ఫిబ్రవరిలో అన్న చొక్కా ఉతుకుతుంటే మందు వాసన. అడిగాను. "ఇదే ఆఖరు. నాయనకు చెప్పాకు పాపా." ఒట్టు పెట్టించుకున్నాడు.
మాట నిలబెట్టుకున్నాను. నెల తిరిగేసరికి అన్న లేడు.
నాయనకు తెలియదు. అమ్మకు తెలియదు.

సెప్టెంబరు 15
కాలేజీ వదలగానే లోకేశ్ వాళ్ల నాయన చిల్లర అంగడికి వెళ్లాను. గిరికి చెప్పలేదు.
"ఏం కావాల పాపా?"
పావు కిలో చక్కెర అన్నాను. ఆయన తూచాడు. పొట్లం కడుతూ నా యూనిఫాం చూశాడు.
"మా వోని కాలేజీనే కదా నువ్వు. బాగా సదువుతాండాడా?"
ఊ, అన్నాను.
ఆయన మొహం ఎంత వెలిగిందో. చిల్లరతో పాటు ఓ చాక్లెట్ కూడా చేతిలో పెట్టాడు.
ఎదురుగా బస్టాపులో కూర్చుని ఇది రాస్తున్నాను. రెండు బస్సులు పోయాయి. అంగడి ఇంకా తెరిచే ఉంది.