పిచ్చుక, ఐదుకి సున్నా

జూన్ 2, మంగళవారం

చెల్లి ఇంకా దొరకలేదు.

శుక్రవారం మధ్యాహ్నం స్త్రీల ప్రార్థన కూటం నుంచి మధ్యలో లేచి వెళ్ళిపోయింది. ఇంటికి వెళ్ళి చిన్న బ్యాగు సర్దుకుని, ఫ్రిజ్ మీద ‘నన్ను వెతకొద్దు’ అని స్టిక్కీ నోట్ అంటించింది. ఫోన్ స్విచాఫ్. రెండు జతల బట్టలు తీసుకెళ్ళింది. తన పాప ఉన్ని టోపీ తీసుకెళ్ళింది. పాప పోయాక డాక్టరు రాసిచ్చిన నిద్రమాత్రల స్ట్రిప్ కూడా తీసుకెళ్ళింది. బట్టలు గుర్తు చేసుకుని ధైర్యం తెచ్చుకుంటాను. వెంటనే మాత్రలు గుర్తొచ్చి ఆ ధైర్యం పోతుంది. రోజంతా ఇదే పని.

పోలీసాయన, మేజరు కదమ్మా, తనంతట తానే వెళ్ళింది, నోట్ కూడా పెట్టింది, మేమేం చేస్తాం అన్నాడు. మాత్రల సంగతి చెప్పాక పెన్ను తీశాడు.

కూటంలో ఏం జరిగిందని అడిగితే అమ్మ సరిగ్గా చెప్పదు. అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉంటే చెప్పుల చప్పుడు చేసుకుంటూ పోయింది, ఇదేం పద్ధతి అంటోంది. కూతురు ఏమైందో తెలియదు గానీ చెప్పుల చప్పుడు మాత్రం గుర్తుంది ఈవిడకి.

జూన్ 3, బుధవారం

బతికే ఉంది.

ఎలా తెలిసిందో రాస్తాను, రాస్తే నాకే నమ్మకం కలుగుతుందేమో. మా సంఘ వారపత్రికలో ‘వెబ్ కిటికీ’ శీర్షిక నాది. విశ్వాసుల ఇళ్ళకు పనికొచ్చేవి, కాలక్షేపానికి బాగుండేవి, పిల్లలు పక్కన ఉన్నా తెరవగలిగేవి అయిన వెబ్‌సైట్లు వెతికి రాయడం. చెల్లి దాన్ని ‘అక్క కిటికీ’ అనేది. అందులోంచి అక్క ఒక్కతే బయటికి చూస్తుంది, లోపలికి ఎవరూ చూడరు అని వెక్కిరించేది. ఆ శీర్షిక కోసమే ఒకసారి బైబిలు మీద వాక్య క్విజ్ సైటు దొరికింది. రోజుకి ఐదు ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు. ఎవరు ఎన్ని కరెక్టు చేశారో స్కోర్‌బోర్డు మీద పేరు పక్కన టిక్కులు, ఇంటూలు పడతాయి. మా ఇద్దరికీ అదొక పిచ్చి అయిపోయింది. చెల్లి పేరు అక్కడ పిచ్చుక. చిన్నప్పుడు తిండి ముందు కూర్చుని నాలుగు మెతుకులు ఏరుకునేదని ఇంట్లో పెట్టిన పేరు. రోజూ ఐదుకి ఐదు. నన్ను ఏడిపించడానికే ఆడేది.

ఇవాళ శీర్షిక రాయాలి కదా అని సిస్టమ్ ముందు కూర్చుంటే, చెయ్యి అలవాటుగా ఆ సైటు తెరిచింది. ఇవాళ్టి బోర్డులో అట్టడుగున పిచ్చుక. ఐదుకి సున్నా.

నిన్నటిది చూశాను. సున్నా. మొన్నటిది, సున్నా.

మరిదికి ఫోన్ చేసి చెప్పాను. ఫోన్ ఎవరో కొట్టేసి ఆడుతున్నారేమో వదినా, మా ఆవిడకి సున్నా ఎందుకొస్తుంది అన్నాడు. ఫోన్లు కొట్టేసేవాడు కూర్చుని వాక్య క్విజ్ ఆడతాడా అయ్యా! పైగా, గుడ్డిగా నొక్కినా ఏదో ఒకరోజు ఒకటైనా తగులుతుంది. రోజూ ఐదింటికి ఐదూ తప్పాలంటే ఐదూ తెలిసుండాలి. నా చెల్లెలు తప్ప ఇంకెవరూ అంత ఖచ్చితంగా తప్పు చేయలేరు.

ఎక్కడో ఒక గదిలో కూర్చుని, సిమ్ తీసేసి వైఫై మీద కాబోలు, రోజూ దేవుడి ప్రశ్నలు తెరిచి, రోజూ కావాలని తప్పు జవాబు చెబుతోంది. అలిగింది. అలిగిన మనిషి బతికున్నట్టే కదా.

జూన్ 4, గురువారం

సున్నా. సున్నా చూసి ఇంత సంతోషించే మనిషి లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

జూన్ 6, శనివారం

మరిది వచ్చాడు. లిఫ్టులు రిపేరు చేసే మనిషి, ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడు. గడ్డం పెరిగి, చేతులకి గ్రీజు, మా సోఫా మీద కూర్చోవడానికి మొహమాటపడుతూ నిలబడ్డాడు. అమ్మ లోపల పడుకుంది కాబట్టి వంటింట్లోకి తీసుకెళ్ళి అడిగాను, ఆ రోజు కూటానికి కుర్చీలు వేయడానికి వెళ్ళావుగా, నువ్వక్కడే ఉన్నావుగా, చెప్పు అని.

చెప్పాడు. ప్రార్థన అమ్మ చేసిందట. రోగుల కోసం, విధవల కోసం అయ్యాక, అదే గొంతుతో, నా చిన్న కూతురి అల్పవిశ్వాసాన్ని క్షమించు ప్రభువా, దాని విశ్వాసం చాలకే కదా ఆ బిడ్డ నిలబడలేదు, ఇకనైనా దాన్ని బలపరచు అందట. అందరూ ఆమెన్ అన్నారట. కుర్చీలు సర్దుతూ గుమ్మంలో నిలబడ్డ మరిది కూడా అన్నాడు. అలవాటులో అనేశాను వదినా, మాట చెవిలో పడింది గానీ బుర్రకి ఎక్కలేదు, ప్రార్థన అయిపోతే ఆమెన్ అంటాం కదా, అనేశాను అని గోడకి తల ఆనించి ఏడ్చాడు. అది కళ్ళు తెరిచి ఇతని వంకే చూసిందట. అప్పుడు లేచింది.

మా జనం తప్ప ఇంకెవరూ ఇలాంటి పని చేయరు. ముఖం మీద అనలేని మాటని కళ్ళు మూసుకుని దేవుడితో చెప్పినట్టు నలుగురిలో అనేయడం. అన్నది ఏదైనా ఆమెన్ కొట్టేయడం.

జూన్ 8, సోమవారం

చెల్లికి మెయిల్ పెడితే జవాబు లేదు. కానీ అది పత్రిక పీడీఎఫ్ చదువుతుంది, నాకు తెలుసు. నా శీర్షికలో తప్పులు పట్టకుండా దానికి వారం గడవదు. అందుకని శీర్షికలోనే రాస్తున్నాను.

మా ఎడిటరుగారికి ఒక రూలు ఉంది. ఏ వెబ్‌సైటు గురించి రాసినా చివర ‘ఆత్మీయ ప్రయోజనం’ అని, భక్తికి ఏం మేలో చెప్పే ఒక వాక్యం ఉండాలి. కరెంటు బిల్లు సైటుకి కూడా నా చేత ఆత్మీయ ప్రయోజనం రాయించాడు ఈ మహానుభావుడు. ఈ వారం బస్సు టైములు చూపించే సైటు తీసుకున్నాను. చక్కటి సైటు, పెద్దక్షరాలు, ప్రకటనలు లేవు. చివర ఇలా రాశాను: ఆత్మీయ ప్రయోజనం: వెళ్ళే బస్సులతో పాటు తిరిగొచ్చే బస్సులూ ఇందులో ఉంటాయి.

రెండోది, మాత్ర పేరు కొడితే ఎంత వేసుకుంటే ప్రమాదమో చెప్పే సైటు. ఆత్మీయ ప్రయోజనం: నీ కోసం ఒకరు భయపడుతున్నారని గుర్తు చేస్తుంది.

ఎడిటరుగారు కళ్ళజోడు పైకి తోసుకుని, ఇందులో ఆత్మీయం ఎక్కడుందమ్మా అన్నారు. లేకపోతే మీరే ఒకటి రాయండి సార్ అన్నాను. నా ముఖం చూసి అలాగే వదిలేశారు.

జూన్ 11, గురువారం

అమ్మతో పెద్ద గొడవ.

నువ్వన్న మాటకే అది పోయిందమ్మా అన్నాను. నేను ప్రార్థన చేశాను, తిట్టలేదే అంది. అది తిట్టు కన్నా ఎక్కువ అన్నాను. తల్లిగా దాని మేలే అడిగాను, నీకు పిల్లల్లేరు నీకేం తెలుసు అంది. ఆ మాటకి ఒళ్ళు మండిపోయింది. అవునమ్మా, నాకూ విశ్వాసం చాలలేదేమో, నా గురించి కూడా వచ్చే శుక్రవారం ప్రార్థనలో పెట్టు అని అరిచాను. గిన్నె ఒకటి సింకులోకి విసిరాను. అమ్మ అన్నం తినకుండా గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. నేనూ తినలేదు.

దానికి సున్నా వచ్చింది ఇవాళ కూడా. నాకు రెండు. ప్రశ్నలు కళ్ళకి ఆనడం లేదు.

జూన్ 15, సోమవారం

సైటు తెరవగానే పైన ఎర్ర పట్టీ. నా చూపు బాగా మందగించింది, ఈ నెలాఖరుతో క్విజ్ ఆపేస్తున్నాను, ఇన్నాళ్ళు ఆడినవారందరికీ వందనాలు అని. నడిపేది ఒక్క మనిషే, రిటైరైన మాస్టారు.

ఆ ఒక్క దారం మీదే వేలాడుతున్నాను, దాన్నీ తెంపేస్తావా దేవా! నీకు ఇంకేమీ దొరకలేదా తెంపడానికి? ఇది ప్రార్థన కాదు. ఆమెన్ లేదు.

మాస్టారికి ఉన్నదున్నట్టు అంతా రాశాను. పిచ్చుక ఎక్కడి నుంచి ఆడుతోందో మీ కంప్యూటరులో తెలుస్తుందట, చెప్పండి, కాళ్ళు పట్టుకుంటాను అని.

జూన్ 17, బుధవారం

మాస్టారు ఫోన్ చేశారు. గొంతు వణుకుతోంది గానీ మాట గట్టిది. చెప్పగలిగినా చెప్పనమ్మా, వెతకొద్దని ఆ అమ్మాయి రాసి పెట్టిందని నువ్వే చెప్పావు కదా అన్నారు. మొండి మనిషి. ఫోన్ పెట్టేశాక చాలాసేపు తిట్టుకున్నాను. ఆయన అన్నది న్యాయమే అని లోపల తెలుస్తూనే ఉంది, అందుకే ఇంకా కోపం.

జూన్ 19, శుక్రవారం

బోర్డులో పిచ్చుక లేదు.

జూన్ 20, శనివారం, మధ్యాహ్నం

లేదు. పదిసార్లు కాదు, వందసార్లు రిఫ్రెష్ కొట్టాను.

ఎవరో తెలియని ఆడమనిషి ఉంది, వచ్చి చూడండని పెద్దాసుపత్రి నుంచి ఫోన్. మరిది, నేను వెళ్ళాం. మార్చురీ కారిడార్‌లో ఫినాయిల్ వాసన. అటెండర్ తాళం తీస్తుంటే మరిది నా చెయ్యి పట్టుకున్నాడు, ఎముకలు నొప్పి పుట్టేంతగా. గుడ్డ తీశాడు.

మాది కాదు. ఎవరి చెల్లెలో.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఇద్దరం ఏడ్చాం. సంతోషంతో ఏడ్చినందుకు సిగ్గేసింది. ఆ లోపల ఉన్నామె కోసం కూడా ఎవరో ఎక్కడో రిఫ్రెష్ కొడుతూ ఉంటారు కదా.

జూన్ 21, ఆదివారం

ఆరాధనలో పాస్టరయ్యగారు అమ్మని ప్రార్థన చేయమన్నారు. స్త్రీల సమాజానికి పెద్ద కదా, ఎప్పుడూ అమ్మే. లేచి నిలబడింది. తల మీద ముసుగు సర్దుకుంది. ప్రభువా అంది. ఆ తరువాత మాట రాలేదు. జనమంతా కళ్ళు మూసుకుని కాచుకున్నారు. ఫ్యాను చప్పుడు ఒక్కటే. మా అమ్మకి మాట రాకపోవడం నేను పుట్టాక చూడలేదు. అలాగే కూర్చుండిపోయింది. అప్పుడు కూడా ఎవరో ఆమెన్ అన్నారు.

బోర్డులో లేదు.

జూన్ 22, సోమవారం

పిచ్చుక. ఐదుకి సున్నా!!

నెట్ లేకపోయిందో, జ్వరమొచ్చిందో, మాత్రల స్ట్రిప్ చేతిలో పట్టుకుని కూర్చుందో, నాకు తెలియదు, తెలియక్కర్లేదు. వచ్చింది. ఆఫీసులో అందరి ముందూ బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చేశాను. ఎడిటరుగారు మంచినీళ్ళు తెచ్చి పెట్టి, ఏమీ అడగకుండా వెళ్ళిపోయారు.

జూన్ 24, బుధవారం

మాస్టారు మళ్ళీ ఫోన్ చేశారు. ఆ మూడు రోజులూ ఆయన కూడా మనవరాలి చేత బోర్డు చదివించుకున్నారట. ఆఖరి రోజు ప్రశ్నలు నువ్వు రాసి పంపమ్మా, ఒక్క షరతు, వాక్యంలో లేనిది ఉన్నట్టు రాయకూడదు అన్నారు.

ఐదు ప్రశ్నలు. ఎలా రాసినా అది తప్పు జవాబే నొక్కుతుంది. ‘ఇంటికి వస్తావా’ అని అడగడానికి లేదు, అది క్విజ్. ‘నిన్ను ప్రేమిస్తున్నాం’ అంటే నవ్వుతుంది, అక్కా నీకు రాయడం రాదు అంటుంది. రెండు కాగితాలు చింపేశాను.

జూన్ 26, శుక్రవారం

నాలుగు మామూలు ప్రశ్నలు రాసి, ఐదోదాని దగ్గర ఆగిపోయి, ఉదయం నుంచీ లాప్‌టాప్ ముందు ముఖం వేలాడేసుకుని కూర్చున్నాను. అమ్మ వచ్చి వెనక నిలబడింది. ఇవాళ కూటానికి వెళ్ళలేదు. ఏం చేస్తున్నావే పెద్దదానా అంది. చెప్పాను. సున్నాల సంగతి ఇన్నాళ్ళూ అమ్మకి చెప్పలేదు, అదీ చెప్పాను. రోజూ కావాలనే తప్పు పెడుతోందా అని అడిగింది. అవునన్నాను. రోజూ వస్తోందన్నమాట అంది.

తరువాత కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, నేను చెబుతాను, ఐదోది కొట్టు అంది. ఒక్క అక్షరం మార్చకుండా కొట్టాను.

బిడ్డ చనిపోయిన తల్లితో, నీ విశ్వాసం చాలకే ఇలా జరిగింది అని ప్రభువు ఎక్కడ అన్నాడు?
అ) కొండ మీద
ఆ) పడవలో
ఇ) సమాధి దగ్గర
ఈ) ఎక్కడా అనలేదు. మీ అమ్మ అంది. తప్పుగా అంది.

మాస్టారు ఒప్పుకోరేమో అన్నాను. ఎక్కడా లేదుగా, ఆయనకి అభ్యంతరమేముంది, పంపు అంది. లేచి వెళ్ళి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. కుళాయి కట్టకుండా తోముతూనే ఉంది.

జూన్ 29, సోమవారం

పిచ్చుక. సున్నా. రేపు ఒక్కరోజే ఉంది.

ఈ వారం శీర్షికలో ఏ సైటూ పెట్టలేదు. మా ఇంటి ఫోన్ నంబరు వేశాను. ఆత్మీయ ప్రయోజనం: ఎవరూ ప్రార్థన చేయరు, ఫోన్ మాత్రమే ఎత్తుతారు. ఎడిటరుగారు చదివి, కామా ఒకటి సరిచేసి, ప్రింటుకి పంపించారు.

జూన్ 30, మంగళవారం, ఉదయం

ప్రశ్నలు వచ్చాయి. మరిది సెలవు పెట్టి వచ్చాడు. ముగ్గురం లాప్‌టాప్ చుట్టూ కూర్చున్నాం. బోర్డు నిండుతోంది. ఎప్పుడూ మొదటి వరుసలో ఉండే మహామహులంతా ఐదోదాని దగ్గర బోల్తా పడుతున్నారు. మా ఎడిటరుగారికి నాలుగే. స్త్రీల సమాజంలో ముగ్గురికి నాలుగే. ఏమేం నొక్కారో, కొండో పడవో. ఇంకోరోజైతే పడీపడీ నవ్వేదాన్ని.

పిచ్చుక రాలేదు.

సాయంత్రం

పిచ్చుక. తప్పు, తప్పు, తప్పు, తప్పు, ఒప్పు.

అమ్మ ఆ ఐదో గడి మీద వేలు పెట్టి ఉంచింది. స్క్రీను ఆరిపోబోతే నన్ను పిలిచి మళ్ళీ వెలిగించమంటోంది.