గోడకి ముడతలుంటాయా?

కృష్ణానగర్,
హైదరాబాదు.

భాయ్‌కి,

నీ తమ్ముడు సలీం సలాం చెప్పి రాస్తున్న ఉత్తరం. నేనిక్కడ క్షేమం. అమ్మీ, భాబీ, పాప క్షేమమని తలుస్తాను. నువ్వు క్షేమమని మాత్రం తలచడం లేదు. ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం. వీడియో కాల్‌లో మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా, ఉత్తరమేంట్రా అంటావు. ఫోన్‌లో అడిగితే "సిగ్నల్ లేదురా" అని పెట్టేస్తావు. కాగితాన్ని అలా పెట్టెయ్యలేవు.

ముందు నా సంగతులు. ఒంట్లో బాగానే ఉంది, తిండికి లోటు లేదు. మెస్సువాడు మటన్ అని వడ్డించేది మటనేనా అని అనుమానం వచ్చి పప్పుతోనే తింటున్నాను. నా కొబ్బరినూనె రూమ్‌మేట్ వాడుతున్నాడని ఇంకో అనుమానం, సీసా మీద పెన్నుతో గీత పెట్టాను. నవ్వకు. అనుమానం పక్షి అని నువ్వు పెట్టిన పేరు ఇక్కడ కూడా నిలబెడుతున్నాను. వర్షాలు మొదలయ్యాయి. సాయంత్రం రూముకొస్తే పలకరించే దిక్కుండదు. తిరువూరులో మన ఫోటో స్టూడియో ముందు బస్సుల హారన్లకి చెవులు మూసుకునేవాణ్ణి, ఇప్పుడు అవి కూడా వినాలనిపిస్తోంది. అయినా బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోవద్దని అమ్మీకి చెప్పు.

సినిమా పనిలో నేను అసిస్టెంట్ డైరెక్టర్లందరిలో ఆఖరివాణ్ణి. ఒక షాట్‌కీ ఇంకో షాట్‌కీ మధ్య నటుల బట్టలు, నగలు, జుట్టు మారకుండా చూసుకోవాలి. మా డైరెక్టర్ గారు ఫ్రేము పెట్టేటప్పుడు మాత్రం ఎవరు తిట్టినా మానిటర్ వెనకనుంచి కదలను.

మొన్న భర్త కోసం ఎదురుచూసే భార్య సీను తీశారు. ఆమెను తీసుకెళ్ళి ఫ్రేములో ఓ మూలకి నెట్టేశారు. మిగతాదంతా గోడ, ఒక కుర్చీ. "ఫోటో దిగడానికొచ్చింది మనిషిరా, గోడ కాదు" అని నువ్వు నన్ను కసిరేవాడివి కదా, నాకు నోరు ఆగలేదు.

"సార్, ఇంత ఖాళీ ఎందుకండి?" అని అడిగేశాను.

"అది ఖాళీ ఏంటయ్యా? ఇంకా రాని మనిషి ఉండాల్సిన చోటది," అన్నారు.

ఆ తర్వాత ఓ తండ్రి చెడ్డ కబురు వినే సీను. ఆయన మొహం చూపించనే లేదు. అన్నం పళ్ళెం పట్టుకున్న చేతులు, అంతే. అదేంటండీ అంటే, "మొహం చూపిస్తే చూసి ఊరుకుంటారు. చూపించకపోతే వెతుక్కుంటారు," అన్నారు.

అప్పటినుంచి ఏ ఫ్రేము చూసినా లేనిదాని కోసం వెతకడం నాకు జబ్బైపోయింది భాయ్. అలా వెతుకుతూ నీ దగ్గరికే వచ్చాను.

ఇదివరకు ఫోన్‌ని కౌంటర్ మీద నిలబెట్టి మాట్లాడేవాడివి. వెనక లైట్లు, తెర, లోపలికి తొంగిచూసే జనం, అన్నీ కనిపించేవి. ఈమధ్య ఎప్పుడు చేసినా మొహమొక్కటే. అందులోనూ పైన నుదురు తెగిపోతోంది. తలపైన చోటు వదలరా అని మొట్టికాయలు వేసి నేర్పినవాడివి, నీ తలే తెగ్గొట్టుకుంటావా? అంటే ఫోన్ పట్టుకున్నది నువ్వు కాదు, భాబీ. షాపులో ఉన్నానంటావు, ఒక్క హారనూ వినపడదు. అమ్మీ నేను అడక్కముందే "అంతా బాగుంది నాయనా" అంటోంది. అందరూ కలిసి "షూటింగ్ అయ్యేదాకా ఇటు రాకు" అని ఒకటే పాట.

నాదే పిచ్చి అనుమానం అని సర్దుకున్నాను. నిన్న హీరో కొండ ఎక్కే షాట్ తీశారు. నిజానికి కొండ లేదు. నేలమీద రాయిలా రంగులేసిన సెట్టు పరిచి, హీరోని దానిమీద పాకించి, కెమెరాని పక్కకి తిప్పి పెట్టారు. మానిటర్‌లో నిజంగా కొండ ఎక్కుతున్నట్టే ఉంది. ఉన్నట్టుండి డైరెక్టర్ గారు కట్ అని అరిచారు. "ఆ గొలుసు చూడు! కొండ ఎక్కేవాడి గొలుసు కాళ్ళవైపు వేలాడాలి, రాయివైపు లాగుతోందేంటి? చూసుకోవాల్సింది నువ్వే కదా!" అని నన్నే తిట్టారు. గొలుసుని చొక్కాకి టేపుతో అంటించాక షాట్ ఓకే అయింది.

నాకు మాత్రం నువ్వు గుర్తొచ్చావు. కిందటి కాల్‌లో నీ మాసిన గడ్డం చూసి ఏడిపిద్దామని స్క్రీన్‌షాట్ తీశాను. బయటికొచ్చి అది పెద్దది చేసి చూశాను. నీ మెడలో తావీజు ఛాతీ మీదికి వేలాడటం లేదు భాయ్, మెడ పక్కనుంచి వెనక్కి జారి ఉంది. నీ వెనక తెల్లగా ఉన్నదాన్ని గోడ అనుకున్నాను. గోడకి ముడతలుంటాయా? అది దిండు. నువ్వు వెల్లకిలా పడుకుని ఉంటే, భాబీ నీ మీదికి వంగి ఫోన్ పట్టుకుంది.

నెమలి ఊళ్ళో ఓ పెళ్ళికి ఫోటోలు తియ్యడానికి ఒప్పుకున్నానని చెప్పావు. తలంబ్రాలు పైనుంచి తియ్యడానికి కుర్చీ మీద స్టూలు వేసి ఎక్కడం నీకు అలవాటు. వద్దని భాబీ ఎన్నిసార్లు మొత్తుకుందో నాకు తెలుసు. పడ్డావు కదూ? నడుమా, కాలా? లేవగలుగుతున్నావా? నా పని చెడకూడదని దాచావని తెలుసు. అయినా కోపంగా ఉంది. నువ్వు మంచంలో ఉంటే నేనిక్కడ హీరో గొలుసు సర్దుతూ కూర్చోనా? కోపంకంటే భయం ఎక్కువగా ఉంది.

సెలవడిగితే డైరెక్టర్ గారు ఎందుకన్నారు. నా మాట తప్పని చెబుతారేమోనన్న ఆశతో ఆ ఫోటో చూపించాను. చాలాసేపు చూసి ఫోన్ తిరిగిచ్చేశారు. "వెళ్ళిరా," అన్నారు.

అమ్మీకి నా సలాం, దువా చెయ్యమను. భాబీని కోప్పడకు, నువ్వు చెప్పమన్నదే చెప్పింది. పాపకి ముద్దులు.

ఈ ఉత్తరం అందగానే కాల్ చెయ్యి. ఫోన్ తీసుకుని భాబీని గుమ్మందాకా వెనక్కి నడవమను. మంచం మొత్తం, తలనుంచి పాదాలదాకా నువ్వు, అంతా ఫ్రేములోకి రావాలి. చూపించకపోతే ఆదివారం తిరువూరు బస్సెక్కుతాను. చూపించినా ఎక్కుతాను.

నీ చేతిలో పెరిగిన తమ్ముడు,
సలీం