నీ పేరు చదివినప్పుడు

మెట్టుగూడ, సికింద్రాబాద్,
1949 జూన్ 4, శనివారం.

చిరంజీవి తమ్ముడు జ్ఞానశేఖర్‌ను, మరదలు మార్తను, బంగారుతల్లి ఆలిస్‌ను దీవించి అక్క వ్రాయు ఉత్తరం. దేవుని దయవల్ల ఇక్కడ నేను కులాసా. ఆ బెజవాడ ఎండల్లో మీరు ముగ్గురూ ఎలా ఉన్నారో అనుకుంటూనే కలం పట్టాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. నాలుగు పేజీల్లో పదకొండు ప్రశ్నలు వేశావు. బడిపిల్లలకు పరీక్ష పెట్టే అలవాటు అక్క దగ్గర కూడా పోనిచ్చుకోలేదన్నమాట. నేనూ పంతులమ్మనే, జవాబులు నాకు తోచిన వరుసలో రాస్తాను.

పెరట్లో జామచెట్టు ఉంది. నువ్వు ఎక్కి విరగ్గొట్టిన కొమ్మ పక్కనుంచే కొత్త కొమ్మ వచ్చింది, ఈ ఏడు దానికే ఎక్కువ కాపు. నా మోకాలు అలాగే ఉంది. బడికి మాత్రం నడిచే వెళ్తున్నాను.

పిల్లతో ఇక్కడికి రావడం క్షేమమేనా అని మార్త అడిగింది. దాచను. కిందటి సెప్టెంబరులో భయపడ్డాం. సైన్యం వచ్చిన వారమంతా తలుపులు బిగించుకుని కూర్చున్నాం. ఆ తర్వాత మన పక్కింటి పీరా చిన్నాయనను రజాకారని ఎవరో చెప్పిన మాట మీద పట్టుకుపోయి, మూడు నెలలు ఉంచుకుని వదిలేశారు. కుట్టుమిషను తప్ప ఇంకో యంత్రం ఎరగని మనిషి. ఇప్పుడు మళ్ళీ కుడుతున్నాడు. ఆలిస్ కొలతలు పంపితే గౌను కుట్టి పెడతానన్నాడు. బజార్లు తెరిచారు, బడి నడుస్తోంది. రావచ్చు, మార్తా.

ఇక అసలు సంగతి. తిరిగొచ్చేస్తానని నువ్వడిగిన సర్కారీ హైస్కూల్లో సైన్సు టీచరు పని నీకివ్వడానికి వాళ్ళు సిద్ధమే, ముల్కీ సర్టిఫికెట్టు ఒక్కటి చూపించాలి. ముల్కీ అంటే ఈ హైదరాబాదు ఇలాకా మనిషి అని మార్తకు చెప్పు. అది లేనిదే ఇక్కడ సర్కారు కొలువు దొరకడం కష్టం. నువ్వు పుట్టింది మెట్టుగూడలోనే, అందులో పేచీ లేదు. కానీ ఇక్కడ పుట్టినవాడైనా ఇలాకా వదిలి బయట స్థిరపడిపోతే ఆ హక్కు పోయినట్టేనంటున్నారు. నువ్వు వెళ్ళి పదకొండేళ్ళయింది. పనిమీద వెళ్ళావా, ఈ ఊరు వదిలేసుకుని వెళ్ళావా? తేలాల్సింది అదొక్కటే.

బుధవారం ఆ సర్టిఫికెట్టు ఇచ్చే కచ్చేరీకి వెళ్ళాను. సాక్ష్యానికి ఇరుగుపొరుగు ఒకరుండాలన్నారు. ఇంటికి వచ్చి ఎవరిని అడగాలా అని నేను తల పట్టుకుంటే, మర్నాడు పక్కింటి జాన్ బీ చిన్నమ్మ తనే బురఖా వేసుకుని గుమ్మంలో నిలబడింది. చిన్నాయన ఇల్లు చేరినప్పటి నుంచీ ఆవిడ ఏ కచ్చేరీ గడపా తొక్కలేదు.

"నువ్వెందుకు చిన్నమ్మా? భయం కాదా?" అన్నాను.

"ఈ ఏడాది అంతా పోయెటోళ్ళనే చూస్తున్న బిడ్డా. ఒక్కడు మల్ల వస్తనంటే సాక్ష్యం చెప్పనీకి నాకేం భయం? నడువ్, ఆల్చం చెయ్యకు" అంది.

కచ్చేరీలో నాసర్ సాహెబ్ అని నెరిసిన గడ్డం ఆయన మన కాయితాలు చూశాడు. నీ బాప్తిస్మం నాటి నుంచి నేటిదాకా నీ పేరు మన సంఘం పుస్తకంలో ఉందని నోవహు పాదిరిగారు రాసిచ్చిన పత్రం చూపించాను. ఏటా కోత పండుగనాడు పాదిరిగారు పేర్లన్నీ చదువుతారనీ, ఊళ్ళో లేనివాళ్ళ తరఫున ఇంటివాళ్ళు లేచి నిలబడతారనీ చెప్పాను. పదకొండు పండుగలు నీ పేరుకు నేనే లేచాను. పోయిన ఏడు చర్చిలో సగం బెంచీలు ఖాళీ, అయినా లేచాను. ఆయనకు ఆ మాట నచ్చింది.

"మంచిగుందమ్మా. అక్కడి చర్చిల సుత పేరు రాయించుకున్నడా?"

"లేదండీ."

"రాయించుకుంటనని ఎన్నడన్న అడిగిండా?"

లేదు అంటే ఆ పూటే పని అయిపోయేది. తమ్ముడూ, ఎనిమిదేళ్ళుగా నీకు చెప్పని సంగతి ముందు ఆ పరాయి మనిషికి చెప్పాను. నన్ను తిట్టుకో, కానీ చివరిదాకా చదువు.

నలభై ఒకటిలో నీ సభ్యత్వం బెజవాడ సంఘానికి మార్చమని పాదిరిగారికి రాశావు, గుర్తుందా? ఆయన వెంటనే ఒప్పుకున్నారు. "మా సంఘము విడిచి బెజవాడలో స్థిరపడినందున" అని బదిలీ ఉత్తరం చెప్పి రాయించి, సంతకం పెట్టి, పోస్టు చేయమని నాకే ఇచ్చారు. సంఘం పుస్తకం రాసేది నేనే కదా. అంతకు ముందు నెలలోనే అమ్మ పోతే ఆవిడ పేరు మీద ఎర్ర సిరాతో గీత గీసింది ఈ చెయ్యే. అదే పేజీలో, అదే సిరాతో, నీ పేరు మీద కూడా గీయలేకపోయాను. గీయలేదు. ఉత్తరం నా ట్రంకుపెట్టెలో చీరల అడుగున పెట్టాను.

పోస్టులో పోయి ఉంటుందని నీకు రాశాను, నువ్వే మనసు మార్చుకున్నావని పాదిరిగారితో అన్నాను. మరొకటి రాయిస్తానన్నాను, రాయించలేదు. అక్కడ సంఘపెద్దల ఎన్నికలో, బదిలీ ఉత్తరం లేని మనిషివని నీ పేరు కూడా ఎత్తలేదని మార్త ఒకసారి రాసింది. ఆ ఉత్తరం చదివి ఏడ్చాను. అయినా పెట్టె తెరవలేదు. నీకు అన్యాయం చేశాను, శేఖర్. ప్రేమతో చేశానని చెప్పుకుంటే ఆ అన్యాయం తగ్గదు.

నాసర్ సాహెబ్ అంతా విని పాదిరిగారి పత్రం పక్కకు నెట్టాడు. "అయ్యో అమ్మా! ఆయన పోతనన్నడు, నువ్వే పోనియ్యలే. ఇంక గీ కాయితం దేనికి పనికొస్తది?"

నా చేతులారా నీ కొలువు పోగొట్టాననుకున్నాను. అప్పుడు చిన్నమ్మ ముందుకు జరిగింది. "సాబ్, గది ఎనిమిదేండ్ల కిందటి మాట. గిప్పుడు వస్తనంటున్నడు గద. జెర గిప్పటి మాట అడుగుండ్రి. వాడు నా చేతులల్ల పెరిగిండు."

ఆయన పక్కకు నెట్టిన పత్రాన్ని మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు. "సరే. అక్క మాట నాకొద్దు, ఆయన్నే రమ్మను. ఇరవై ఐదో తారీకు లోపల వచ్చి, ఇక్కడనే ఉంటనని నా ముందట చెప్పి దస్కత్ పెట్టమను. దిల్‌తోని చెప్తే రాసిస్త. ఇంత నిజం చెప్పిన ఇల్లు, నమ్మకుంటె ఎట్ల?" అన్నాడు.

తిరిగి వచ్చే తోవలో చిన్నమ్మ మన సందు మొదట్లో ఆగి, "గా చిట్టీ ఇంక నీ తాననే ఉందా?" అని అడిగింది. ఉందన్నాను.

"పంపు" అంది.

ఈ ఉత్తరంతో పాటు అది కూడా పంపుతున్నాను. మడతల దగ్గర కాస్త చిరిగింది, పాదిరిగారి సంతకం బాగానే ఉంది. వీధి గదికి సున్నం వేయించాను, ఆలిస్‌కు చిన్న మంచం చిన్నమ్మ ఇస్తానంది. నువ్వు వస్తావనే నా ఆశ. కానీ అది నా ఆశ, నీ మీద బరువు కాదు. నువ్వూ మార్తా కూర్చుని ఆలోచించుకోండి. బెజవాడే మీ ఊరనిపిస్తే ఆ ఉత్తరం అక్కడి పాదిరిగారికి ఇవ్వు. నేను ఇక్కడ గీత గీస్తాను, ఈసారి చెయ్యి ఆపుకోను. రావాలనిపిస్తే దాన్ని చింపేసి రైలెక్కు.

ఒక్క మాట మాత్రం ఖాయం. గీత పడకపోతే, ఈ కోత పండుగనాడు పాదిరిగారు నీ పేరు చదివినప్పుడు నేను లేవను, తమ్ముడూ. బెంచీలో నా పక్కన చోటు ఉంచుతాను. లేస్తే నువ్వే లేవాలి.

ఇట్లు,
నిన్ను పోనివ్వని, ఇప్పుడు నీ ఇష్టానికి వదిలిన
నీ అక్క
దేవకృప