ఒచిర్ జుట్టుముడి

టోక్యో, జూన్ నెల

అమ్మకు,

నీ కొడుకు ఒచిర్ దండం పెట్టి రాస్తున్నాను. ఇక్కడ మా సుమో తాలింఖానాలో అందరమూ కులాసా. నువ్వూ, చెల్లి చిమ్‌గే ఆరోగ్యంగా ఉన్నారనీ, గొర్రెలు ఈ వేసవికి కండపట్టాయనీ తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. బరి వదిలి నెలైంది కదా, తిండి తగ్గించావా అని అడిగావు. పద్దెనిమిదేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుందమ్మా! "కుస్తీ మానేశాడు గానీ కుండ ఖాళీ చెయ్యడం మానలేదు" అని వస్తాదుగారి భార్య వేళాకోళం చేస్తోంది. ఆరుసార్లు కప్పు గెలిచినవాడివి, ఒక్క పిల్లను గెలవలేకపోయావా అని రాశావు చూడు, అది చదివి పగలబడి నవ్వాను.

మోకాలి వాపు తగ్గిందా అని మాత్రం మూడుచోట్ల అడిగావు. దానికి జవాబు రాయలేకే పదిరోజులుగా కలం పట్టలేదు.

అమ్మా, మోకాలు వాయలేదు. మన మంగోలు కొత్తేడాది తెల్లనెల పండక్కి రాకపోవడానికి అదొక సాకు. నువ్వు మాంసం కుడుములు చేసిపెట్టి, మూడు రోజులు గుడారం బయటే నిలబడి దారి చూశావని చిమ్‌గే చెప్పింది. తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

అసలు సంగతి ఇది. వచ్చే ఏడు మా వస్తాదుగారికి అరవై అయిదు నిండుతాయి, గద్దె దిగాలి. ఈ దేశపు పౌరుడు కానివాడు ఎంత గెలిచినా ఇక్కడ వస్తాదు కాలేడు. చలికాలంలో ఒకరోజు నన్ను పిలిచి, "ఒరేయ్, నా తర్వాత ఈ పదకొండు మంది కుర్రాళ్ళూ చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోతారు. నువ్వు కూర్చోరా" అన్నారు. ఇక్కడి మాట కూడా రాని రోజుల్లో నాకు అన్నం పెట్టిన మనిషి.

"మా అమ్మతో ఏం చెప్పనండీ?" అన్నాను.

"నిజం చెప్పు. నీకు చేతకాకపోతే నేనొచ్చి చెబుతా."

నాకు చేతకాలేదు. పండక్కి నెల ముందు, మన పౌరసత్వం వదులుకోవడానికి, మన రాయబార కార్యాలయానికి వెళ్ళాను. అక్కడి అమ్మాయి నా పాస్‌పోర్టు ముట్టుకోకుండా, "అన్నా, మీ కుస్తీ ఉన్న రోజు మా నాన్న మేకల్ని కూడా తోలుకెళ్ళడు. ఇంకోసారి ఆలోచించుకోరాదూ?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. సంతకం పెట్టేశాను. కాగితాల మీద నేనిప్పుడు మంగోలును కాను. నిన్ను ఒక్క మాట అడగలేదు. అడిగితే వద్దంటావని భయం. తప్పు చేశానమ్మా.

కుస్తీ మానేసినందుకు ఆనవాయితీగా ఆకులు రాలే కాలంలో నా జుట్టుముడి కోస్తారు. మూడొందల మంది మగవాళ్ళు ఒక్కొక్కరే బరి ఎక్కి తలా ఒక కత్తెర వేస్తారు, ఆఖరున వస్తాదుగారు ముడి తెంపుతారు. ఆడవాళ్ళు బరి ఎక్కకూడదు, కన్నతల్లి అయినా సరే. అందుకని ఆయన్ను బతిమాలి ఒప్పించాను. అందరికంటే ముందు నేను బరి కింద నీ ముందు కూర్చుంటాను. మూడో ఏట నా పుట్టువెంట్రుకలు తీసింది నీ చెయ్యే కదా. నువ్వు వచ్చేదాకా పైకెక్కను. కోపం తగ్గాక రమ్మనడం లేదు, ఆ కోపంతోనే రా. కత్తెర నీ చేతికే ఇస్తాను.

ఇట్లు,
కాగితం ఏమన్నా, నీ కొడుకు
ఒచిర్